దురదగొండి గింజలో వణుకుడు జబ్బుకు మందు
గుణం నిజమే.. సొంత వైద్యమే ప్రమాదం

భద్రాచలం: అడవికి పశువులను తోలుకెళ్లే వారికి, కట్టెలకు వెళ్లే వారికి దూలగొండి తీగను ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. కొన్ని ఊళ్లలో దీనినే దురదగొండి అంటారు. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు పొదలపైనా వెదురు గుబురులపైనా అల్లుకునే ఈ తీగ చలికాలంలో గుత్తులు గుత్తులుగా కాయలు కాస్తుంది. కాయ పైనున్న బంగారు రంగు నూగు గాలికి రాలి మెడ మీద పడితే చాలు, గంటల తరబడి దురద, మంట. పేడ పూసుకుని ఉపశమనం పొందేవారూ ఉన్నారు. అందరూ దూరం జరిగే ఆ కాయను జాగ్రత్తగా ఒలిస్తే లోపల నున్నని గింజలుంటాయి. వణుకుడు జబ్బుకు ప్రపంచమంతటా వైద్యులు రాసే మాత్రలోని ముఖ్యమైన మందు ‘లెవోడోపా’ ఆ గింజల్లో సహజంగానే ఉంది. ఎండు గింజ బరువులో ఇది సుమారు నాలుగు నుంచి ఆరు శాతం వరకు ఉంటుందని పరీక్షల్లో తేలింది.

ఈ సంగతి కొంత తెలిసి, కొంత తెలియక ఇప్పుడు చిక్కు వచ్చి పడుతోంది. నరాల బలానికని, వీర్యవృద్ధికని దూలగొండి పొడి మూలికల దుకాణాల్లో విరివిగా అమ్ముడవుతోంది. ఇంట్లో పెద్దవారికి చేతులు వణుకుతుంటే, రోజూ మాత్రలు కొనే ఖర్చు భరించలేక ‘అడవి మందే కదా, ఏం చేస్తుందిలే’ అని పొడి వైపు మొగ్గు చూపడం సహజం. అయితే ఇది ఏమీ చేయని మందు కాదు. చేసే మందు కనుకనే జాగ్రత్త అవసరమవుతోంది.

అసలు జబ్బు ఏమిటి?

ఇంగ్లండు వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు లక్షణాలను వివరించడంతో ఆయన పేరే దానికి స్థిరపడింది. ఆయుర్వేదంలో కంపవాతమని వ్యవహరించేది ఇంచుమించు ఇదే. మెదడు అడుగు భాగంలో నల్లని రంగుతో ఉండే చిన్న కణ సముదాయం డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తుంది. కాళ్లూ చేతులూ మనం అనుకున్నట్టు సాఫీగా కదలడానికి అది అవసరం. ఆ కణాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా నశిస్తూ, సగానికి పైగా పోయాక గానీ జబ్బు బయటపడదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు చేయి వణకడం, అడుగులు చిన్నవి కావడం, ఒళ్లు బిగుసుకోవడం, ముఖంలో కదలిక తగ్గడం దీని లక్షణాలు. ముసలితనమని సరిపెట్టుకోవడం వల్ల పల్లెల్లో చాలామంది ఆలస్యంగా వైద్యుని వద్దకు చేరుతున్నారు. భద్రాచలం నుంచి ఖమ్మం చేరాలంటేనే వంద కిలోమీటర్లు దాటాలి.

డోపమైన్‌నే నేరుగా ఇస్తే సరిపోతుంది కదా అన్న ప్రశ్న రావచ్చు. రక్తం నుంచి మెదడులోకి అది ప్రవేశించలేదు. దానికి ముందు రూపమైన లెవోడోపా మాత్రం ప్రవేశించి, లోపల డోపమైన్‌గా మారుతుంది. వైద్యమంతా ఈ ఒక్క కిటుకుపైనే ఆధారపడి ఉంది.

మద్రాసు ప్రయోగశాలలో..

లెవోడోపాను తొలుత 1913 ప్రాంతంలో యూరప్‌లో ఒక రకం చిక్కుడు నుంచి వేరుచేశారు. స్విట్జర్లాండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త మార్కస్ గుగెన్‌హైమ్ దాని గుణం తెలుసుకుందామని రెండున్నర గ్రాములు తానే మింగి, వాంతులతో అవస్థ పడ్డారు. అంత మోతాదు మన దూలగొండి గింజలు 50 గ్రాముల్లో, అంటే ఇంచుమించు గుప్పెడు గింజల్లో ఉంటుందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ లెక్క.

దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసినది మాత్రం దక్షిణాది వారే. మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో ఎం.దామోదరన్, ఆర్.రామస్వామి ఈ పని పూర్తిచేసి 1937లో ప్రకటించారు. అప్పటికి భద్రాచలం కూడా మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాలో భాగమే (1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది). అయితే వేరుచేసిన ఆ పదార్థం వణుకుడు జబ్బుకు పనికివస్తుందన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు.

ఆ ముడి విప్పడంలోనూ మన దేశపు మొక్క ఒకటి తోడ్పడింది. సర్పగంధ వేరు నుంచి తీసిన రెసర్పిన్ అనే మందును స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు ఇవ్వగా అవి కదలక మెదలక పడిపోయాయి. డోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. ఈ పరిశోధనలకు గాను ఆయనకు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి లభించింది. 1961లో వియన్నాలో బిర్క్‌మేయర్, హార్నికీవిచ్‌లు రోగులకు లెవోడోపా సూదిమందు ఇచ్చి చూశారు. మంచం దిగలేని వారు కొన్ని గంటలపాటు నడవగలిగారు. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ నోటి ద్వారా కొద్ది కొద్దిగా మోతాదు పెంచుతూ ఇచ్చే పద్ధతిని నిలబెట్టారు. జబ్బును మూలంతో నయం చేసే మందు నేటికీ లేదు. లక్షణాలను అదుపులో ఉంచడంలో లెవోడోపాను మించినది కూడా ఇంతవరకు రాలేదు.

పొడిపై పరీక్షలు ఏం చెప్పాయి?

దూలగొండి పొడిని నేరుగా రోగులకు ఇచ్చి చూసిన పరిశోధనలు కొన్నే. వాటిలో ఒకటి మన దేశానిది. గింజల నుంచి తయారైన ‘హెచ్‌పీ-200’ అనే పొడిని 60 మంది రోగులకు 12 వారాలు ఇవ్వగా లక్షణాలు తగ్గినట్టు 1995లో ప్రకటించారు. అయితే మాత్రలు వాడే మరో బృందంతో పోల్చి చూసిన పరీక్ష కాదది.

లండన్‌లో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో ఆ పోలిక చేశారు. రోగులు ఎనిమిది మందే. 30 గ్రాముల పొడి తీసుకున్నప్పుడు సుమారు 35 నిమిషాల్లోనే గుణం కనిపించగా, మాత్రకు 69 నిమిషాల దాకా పట్టింది. గుణం నిలిచిన సమయం కూడా పొడితో 37 నిమిషాలు ఎక్కువ. బొలీవియాలో 18 మందిపై జరిపి 2017లో వెల్లడించిన పరీక్షలోనూ, వేయించి దంచిన గింజల పొడి ఒక్క మోతాదులో మాత్రకు దీటుగా పనిచేసింది. మాత్రలు కొనలేని పేద దేశాల వారికి ఇది దారి చూపవచ్చునన్న ఆశ అక్కడే పుట్టింది.

మరుసటి ఏడాది ఆ ఆశకు గట్టి పరీక్షే ఎదురైంది. అదే పొడిని రోజూ వాడించి 16 వారాలు గమనించాలని 14 మందితో మొదలుపెడితే, ఏడుగురు మధ్యలోనే మానుకున్నారు. నలుగురికి కడుపులో బాధ, ముగ్గురికి కదలికలు మరింత దిగజారడం కారణాలు. ఒక పూట పనిచేయడం వేరు, ఏళ్ల తరబడి వాడుకోగలగడం వేరు. ఈ తేడాను మూలికల ప్రకటనలు చెప్పవు.

తేడా ఎక్కడుంది?

మాత్రలో లెవోడోపా ఒక్కటే ఉండదు. కార్బిడోపా అనే మరో మందు తోడుగా ఉంటుంది. లెవోడోపా మెదడు చేరకముందే దారిలో డోపమైన్‌గా మారిపోకుండా అది అడ్డుకుంటుంది. వాంతులు తగ్గేదీ, తక్కువ మోతాదు సరిపోయేదీ దాని వల్లనే. పొడిలో ఆ తోడు లేదు. అందుకే లెవోడోపా నాలుగైదు రెట్లు పడితే గానీ అదే గుణం రాదు. పైగా నేలను బట్టి, రకాన్ని బట్టి, కోసిన కాలాన్ని బట్టి గింజలో మందు శాతం మారుతుంది. నిన్నటి చెంచాడు, నేటి చెంచాడు ఒకటి కావు.

మోతాదు మించితే ఏమవుతుందో 1989లో ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో కనిపించింది. అక్కడి పల్లె ప్రజలు కరవులో ఈ గింజలనే తినేవారు. పలుమార్లు ఉడికించి, ఆ నీరు పారబోసి తినడం వారి ఆచారం. నీటి ఎద్దడితో అలా పారబోయలేకపోయారు. ఫలితంగా 200 మందికి పైగా మతి చలించి ఆస్పత్రి పాలయ్యారు. తమిళనాడు, కేరళ కొండల్లోని గిరిజనులు ఈ గింజలను ఏడుసార్ల వరకు ఉడికించి నీరు వంపేయడం వెనుక ఉన్న తెలివి ఇదే. మందుగా కావలసిన పదార్థమే ఆహారంలో విషమవుతోంది.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు వాటికి పొడి కలిపితే మోతాదు రెట్టింపై, అవయవాలు అదుపు లేకుండా మెలికలు తిరగడం, లేని మనుషులు కనిపించడం వంటివి రావచ్చు. మాత్రలు హఠాత్తుగా మానేసి పొడికి మారడం ఇంకా ప్రమాదకరం. తీవ్ర జ్వరంతో ఒళ్లు కొయ్యబారిపోయి ప్రాణం మీదికి వచ్చే అవకాశముంది. మానసిక వ్యాధులకు మందులు వాడేవారు అసలే ముట్టరాదు.

పొడి వాడుతున్న సంగతిని వైద్యుని వద్ద దాచకుండా, వీలైతే ఆ పొట్లాన్నే తీసుకెళ్లి చూపించాలి. మాత్ర అయినా పొడి అయినా పప్పు, గుడ్డు, మాంసంతో కలిసి కడుపులో పడితే ఒంటికి సరిగా పట్టదు. అందుకే భోజనానికి కనీసం అరగంట ముందే మందు వేసుకోవాలని వైద్యులు సూచిస్తారు. మందు మింగినా వణుకు తగ్గడం లేదంటూ మోతాదు పెంచుకునే వారిలో కొందరికి అసలు అడ్డు పళ్లెంలోని పప్పే.