నాక్ గ్రేడు చెప్పేదెంత?

కాలేజీ గేటు మీద 'నాక్ ఏ ప్లస్' అని పెద్దక్షరాలతో బోర్డు కనిపిస్తే, లోపల పాఠాలు బాగా చెబుతారని తల్లిదండ్రులు నమ్ముతారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ఆ గ్రేడు ఎలా ఇచ్చారో చూడాలి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1994లో బెంగళూరులో జాతీయ మదింపు, గుర్తింపు మండలి అయిన నాక్‌ను ఏర్పాటు చేసింది. కాలేజీ ముందు స్వీయ అధ్యయన నివేదిక పంపేది, తర్వాత నిపుణుల బృందం వచ్చి చూసేది. 2017లో సవరించిన పద్ధతిలో ఏడు ప్రమాణాలకు కలిపి 1000 మార్కులుండేవి. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న డిగ్రీ కాలేజీలకు వాటిలో 350 బోధన, అభ్యసనం, మూల్యాంకనానివే. కాబట్టి బోధనను చిన్నచూపు చూశారనడానికి లేదు. చిక్కంతా కొలతలోనే. భర్తీ అయిన పోస్టులు, పీహెచ్‌డీలు, ఉత్తీర్ణత శాతం లెక్కకు అందుతాయి. వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయికి ఈ రోజు పాఠం అర్థమైందో లేదో ఏ ఫైలుకూ ఎక్కదు.

అది తెలిసేది తరగతిలోనే. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో ఇందుకో పద్ధతి మొదలుపెట్టారు. ఉదాహరణకు ఇలాంటి ప్రశ్న అడుగుతారు: రాయిని నిటారుగా పైకి విసిరాం. అది శిఖర బిందువు దగ్గర క్షణకాలం ఆగింది. అప్పుడు దాని త్వరణం ఎంత? వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నాయే అని చాలామంది అనుకుంటారు. నిజానికి గురుత్వాకర్షణ అక్కడా వదలదు, త్వరణం కిందివైపు 9.8 మీ/సె². మజూర్ పద్ధతిలో జవాబు వెంటనే చెప్పరు. అందరూ ఓటు వేస్తారు, పక్కవాళ్లతో వాదించుకుంటారు, మళ్లీ ఓటు వేస్తారు. పాఠం ఎక్కడ తప్పిందో అధ్యాపకుడికి మొదటి ఓటుతోనే తెలిసిపోతుంది. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు, వేళ్లెత్తి చూపినా చాలు. అనంతపురం, చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లి చదివే పిల్లలు ఆ వాదన తెలుగులో సాగించినా అడ్డుచెప్పకూడదు. భాషకు జంకి నోరు మెదపని పిల్లలు అక్కడే మాట్లాడతారు.

యాజమాన్యాలూ ఒకటి చెయ్యాలి. విద్యార్థుల అభిప్రాయాన్ని సెమిస్టర్ చివర కాక మధ్యలో తీసుకోవాలి. చివర్లో అడిగితే అభిప్రాయం చెప్పిన పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఆ అభిప్రాయాలను ఇంక్రిమెంట్లతో ముడిపెడితే అధ్యాపకులు పాఠం మార్చుకోరు, భయపడతారు.

అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు గ్రేడుతో ఆగకండి. సెక్షన్‌కు ఎంతమందో, సెమిస్టర్ మధ్యలో పిల్లల్ని ఏం అడుగుతారో అడగండి. వీలైతే ఒక పీరియడ్ వెనక కూర్చుని వింటామనండి.