నిశ్శబ్ద విమానమునకు వాట్ మీటరు

తైలముతో నడచు నమూనా విమానమును ఎగురవేయువాడు దాని బాగోగులను చెవితోనే పసిగట్టగలడు. ఇంజను గొంతు బొంగురుపోయినచో ఇంధనపు పాలు హెచ్చినదనియో తగ్గినదనియో ఎరిగి, సూదివాల్వును వీసమంత త్రిప్పి సరిచేసికొనును. విద్యుద్విమానమున కట్టి గొంతు లేదు. 1957 జూన్ 30వ తేదీన ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ తన ‘రేడియో క్వీన్’ను వెండి-జింకు బ్యాటరీతో ఎగురవేసెను, 1960లో జర్మనీలో ఫ్రెడ్ మిలిట్కీ కల్పించిన ‘సిలెంటియస్’ అంగడికి వచ్చెను, ఈ రెండవదాని పేరులోనే మౌనమున్నది. ఆ మౌనము ఎంత హాయియో అంత అపాయము. ఏలయన మోటారు తీగచుట్లు మాడుచున్నను, బ్యాటరీ అడుగంటుచున్నను, నేలపై నిలిచినవాని చెవికి ఆ సంగతి సోకునప్పటికి చేయదగినది మిగులదు.

చెవికి చేతకాని యీ పనికి పూనుకొన్నది ఒక చిన్న లోహపు ముక్క. రాగి వేడెక్కిన కొలది దాని నిరోధము డిగ్రీకి నూటికి 0.4 వంతు చొప్పున పెరుగును గనుక, రాగిని నమ్ముకొన్న కొలత పూటకొక మాట చెప్పును. 1892లో ఎడ్వర్డ్ వెస్టన్ రాగి, మాంగనీసు, నికెలులను కలిపి మాంగనిన్ అను మిశ్రలోహమును సాధించెను. వేడిమి మారినను దీని నిరోధము దాదాపు మారదు. ఇట్టి నిలుకడ గల లోహముతో చేసిన ముక్కనే షంటు అందురు. అరచేత ఇమిడెడు వాట్ మీటరునకు అదియే ప్రాణము.

బ్యాటరీకిని వేగనియంత్రకమునకును నడుమ మీటరును తగిలించినచో, ప్రవాహమంతయు 1 మిల్లీఓమ్ నిరోధముగల షంటు గుండా పోవును. 30 ఆంపియర్లు ప్రవహించునప్పుడు దాని రెండు కొనల నడుమ 30 మిల్లీవోల్టుల భేదము పొడసూపును. మీటరు ఆ స్వల్పభేదమును చదివి, బ్యాటరీ వోల్టేజీ 11 అయినచో దానితో గుణించి, 330 వాట్లని చూపును. ఇందుకై షంటు మ్రింగునది 1 వాట్టు కన్న తక్కువ.

దీని విలువ తెలియవలెనన్న ప్రొపెల్లరు మార్చి చూడవలెను. భ్రమణవేగము మారనిచో ప్రొపెల్లరు కోరు శక్తి, వ్యాసము యొక్క అయిదవ ఘాతమును అనుసరించి పెరుగును. 10 అంగుళముల దానిని విప్పి 11 అంగుళముల దానిని బిగించినప్పుడు, పెరిగినది ఒక్క అంగుళమే గదా యని తోచును గాని, శక్తి 1.6 రెట్లగును. నిజమునకు ఆ బరువునకు మోటారు కొంత నెమ్మదించును. అయినను, మునుపు 28 ఆంపియర్ల వద్ద నిలిచిన విమానమునే తోక బిగబట్టి, త్రాటిల్ పుల్లను మెల్లగా పైకి నెట్టుచు తెరను చూచినచో, పుల్ల కొసకు చేరకమునుపే అంకె 30 దాటును. 30కి మాత్రమే ఓర్చు వేగనియంత్రకము గలవాడు అచ్చటనే చేయి తీయవలెను; మీటరు లేనివానికి పొగవాసనయే మొదటి వార్త.

గాలిలో లెక్క మారును. విమానము ముందునకు సాగిన కొలది ప్రొపెల్లరు భారము తగ్గును గనుక నేలపై కనిపించిన అంకె పైన నిలువదు. అందుచేత మీటరును విమానముతోనే పంపు పద్ధతి వచ్చినది. అది క్షణక్షణపు ప్రవాహమును కూడుకొనుచు లెక్కను రేడియో ద్వారా క్రిందికి చేరవేయును. 2,200 మిల్లీఆంపియర్-గంటల లిథియం పాలిమర్ బ్యాటరీలో 1,760 ఖర్చగుసరికి, అనగా నూటికి 80 పాళ్లు తీరుసరికి, సెల్లు 3 వోల్టుల దిగువకు జారి చెడిపోకమునుపే, చేతిలోని ట్రాన్స్‌మిటరు ఆ అంకెను పైకి చదివి వినిపించును. వినినవాడు గాలివాలు చూచుకొని విమానమును నేలవైపు మళ్లించును.