ధర్మాసుపత్రా, బీమా పాలసీయా?

గత రంజాన్‌లో మన సంఘానికి ఏటా జకాత్ పంపే ఒక దాత ఫోన్ చేశారు. "మాస్టారూ, ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపరేషన్ అని చీటీ పట్టుకుని వస్తారు. మీరు ఐదు వేలో పది వేలో చేతిలో పెడతారు. దాని బదులు ఆ డబ్బుతో కొన్ని బీద కుటుంబాలకు ప్రైవేటు మెడికల్ పాలసీలు తీసి ఇచ్చేయకూడదా? ఏడాదంతా వాళ్లూ నిశ్చింతగా ఉంటారు, మీరూ నిశ్చింతగా ఉంటారు" అన్నారు. తరువాతి సమావేశంలో ఈ మాట చర్చకు పెడితే సభ్యులు రెండుగా చీలిపోయారు. ఒకరు "సర్కారు కార్డు ఉండగా పాలసీలెందుకు?" అన్నారు. ఇంకొకరు "కార్డు పట్టుకుని వెళ్తే ఆసుపత్రివాళ్లు మొహం చూస్తున్నారా?" అన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. డబ్బు మీది కాబట్టి, మేము తెలుసుకున్నది మీ ముందు పెట్టడం ధర్మమని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు ఒక గజిబిజి విడదీయాలి. 'సర్కారు వైద్యం' అని మనవాళ్లు అనేటప్పుడు రెండు వేరు వేరు సంగతులను ఒకే మూటలో కడుతున్నారు. ఒకటి సర్కారు ఆసుపత్రి. మన పెద్దలు దాన్ని ధర్మాసుపత్రి అనేవారు. కట్టడం, డాక్టరు, నర్సు, మందు అన్నీ ప్రభుత్వానివే. కాకినాడ పెద్దాసుపత్రి అలాంటిది. రెండోది కార్డు. ఇక్కడ ఆసుపత్రి ఎక్కువసార్లు ప్రైవేటుది, బిల్లు మాత్రం ప్రభుత్వానిది. ఇక ప్రైవేటు పాలసీ మూడోది. అందులో ఆసుపత్రీ ప్రైవేటే, బిల్లు కట్టే కంపెనీ కూడా చాలావరకు ప్రైవేటే, ప్రీమియం మనది. అంటే కార్డూ పాలసీ వరసకు అన్నదమ్ములు. రెండూ బిల్లు కట్టే ఏర్పాట్లే. వైద్యం చేసేది మాత్రం ఆసుపత్రి.

ఆరోగ్యశ్రీ పుట్టుకే ఇందుకు సాక్ష్యం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అది మొదలైంది. ఆ డిసెంబరులోనే మన ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చింది. మొదట్లో అది అచ్చమైన బీమాయే. తెల్లకార్డు కుటుంబాల తరఫున ప్రభుత్వం స్టార్ హెల్త్ కంపెనీకి ప్రీమియం కట్టేది, కంపెనీ ఆసుపత్రులకు చెల్లించేది. తరువాత కంపెనీని తప్పించి ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. జనం నోట మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. 2020 జనవరిలో, బిల్లు వెయ్యి దాటితే చాలు పథకం వర్తించే ఏర్పాటును ముందుగా పరీక్షించింది మన పశ్చిమ గోదావరిలోనే. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం మరో మలుపుకు ఆమోదం తెలిపింది. 1.63 కోట్ల కుటుంబాలకు ఏడాదికి రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ చెల్లిస్తుంది, అది దాటితే 25 లక్షల వరకు ట్రస్టు చూసుకుంటుంది. బీమా నుంచి ట్రస్టుకు వెళ్లిన బండి, సగం దారి మళ్లీ బీమా వైపు తిరిగిందన్నమాట.

ఏది మేలు? బీమా కంపెనీకి ప్రీమియం ముందే అందుతుంది. అందులో ఖర్చు కాకుండా మిగిలినంత తనదే. కాబట్టి 'కాదు' అని చెప్పడానికి దానికి ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. ట్రస్టుకు ఆ లాభం ఆశ లేదు కానీ, ఖజానాలో డబ్బు లేని నెలలో అది చెల్లింపు ఆపుతుంది. 2025 అక్టోబరులో జరిగింది అదే. రెండున్నర వేల కోట్లకు పైగా బకాయి ఉందంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం పథకం కింద సేవలు ఆపింది.

ఆ రోజుల్లో మన దగ్గరికి ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. భార్యకు పిత్తాశయంలో రాళ్లు. చేర్చుకుంటామన్న ఆసుపత్రి ఇప్పుడు కుదరదంది. అప్పు చేసి డబ్బు కట్టడానికి కూడా సిద్ధపడ్డాడు. మన సంఘం కుర్రవాడొకడు వాళ్లను వెంటబెట్టుకుని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. మొదటి రెండు రోజులూ మంచం దొరకలేదు. ఒక పరీక్ష కోసం మూడో రోజు దాకా ఆగారు. అన్నీ కలిపి పదకొండు రోజులు పట్టింది. ఆపరేషన్ బాగా జరిగింది, దానికి పైసా కాలేదు. కానీ ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే ఏడు వేలు అప్పు తేలింది. మేస్త్రీకి పదకొండు రోజుల కూలి పోయింది. తోడుగా వెళ్లిన అత్తగారి తిండి, పిల్లల్ని చూడ్డానికి వచ్చిన చెల్లెలి ఆటో ఖర్చులు, బయట కొన్న రెండు మందులు... ఏ కార్డూ, ఏ పాలసీ కట్టే ఖర్చులు కావివి. మన దగ్గరికి వచ్చే కుటుంబాలు కుంగిపోతున్నది ఎక్కువగా ఇక్కడే. షుగరు, బీపీ మాత్రల సంగతీ అంతే. పాలసీ అయినా కార్డు అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాడి బిల్లే చూస్తాయి. నెలనెలా ఇంట్లో మింగే మాత్ర వాటికి కనిపించదు. ఆ మాత్ర ఊళ్లోని పీహెచ్‌సీలో ఉచితం, మానకుండా వెళ్లి తెచ్చుకుంటే.

బిల్లు ఎవరో కడతారంటే ఆసుపత్రి నడవడిక కూడా మారుతుంది. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు పెరిగాయన్న ఆందోళన గట్టిగా వచ్చింది. చివరికి పథకం కింద ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. మన ఆడవాళ్లు ఇలాంటివి నలుగురిలో చెప్పుకోరు, కాబట్టి దాతల ఇళ్లలోని అమ్మలకు, అక్కలకు ఈ ముక్క చెప్పమని మనవి. గర్భసంచి తీసేయాలి అని ఎవరైనా అంటే, సర్కారు ఆసుపత్రిలో రెండో డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు.

ఇక ప్రైవేటు పాలసీ. చదివేవారిలో చాలామందికి ఇది సొంత విషయం కూడా కనుక కాస్త ఆగి చెబుతాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. 2024లో నియమాలు కొంత మెరుగయ్యాయి. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండే గడువు మూడేళ్లు మించకూడదు. ఐదేళ్లు ఆగకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, 'మీరు ఫలానాది దాచారు' అని క్లెయిమ్ తిరగ్గొట్టకూడదు. ఇవి మంచి మార్పులే.

అయితే మాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడి కథ వినండి. ఫారం నింపింది ఏజెంటు. షుగరు ఉందా అన్న గడిలో 'లేదు' అని రాశాడు. "ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది సార్" అన్నాడట. మా మిత్రుడు చదవకుండా సంతకం పెట్టాడు. రెండో ఏడాది గుండెకు స్టెంటు పడింది. ఆసుపత్రి పాత చీటీలో షుగరు మాత్ర కనబడింది. కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. పిల్లల దగ్గర ప్రతి పేపరూ రెండుసార్లు దిద్దే మనిషి, తన ఫారం ఒక్కసారి చదవలేదు.

గది అద్దె మెలిక ఇంకొకటి. మూడు లక్షల పాలసీలో రోజుకు మూడు వేల గదే అని ఉందనుకుందాం. మనం ఆరు వేల గది తీసుకుంటే, అదనపు మూడు వేలు మాత్రమే మన చేతి నుంచి పోతాయని అనుకుంటాం. అలా కాదు. చాలా పాలసీల్లో మందులు, పరీక్షలు వంటివి మినహాయించి, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు కూడా సగానికి కోస్తారు. అన్ని కంపెనీలూ అమ్మాల్సిన 'ఆరోగ్య సంజీవని' అనే ఒకే నమూనా పాలసీ 2020 నుంచి ఉంది. దాంట్లో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా ఐదు వేలు, ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనం భరించాలి. షరతులు తెలిసినవి కనుక మిగతావాటిని దీనితో పోల్చి చూసుకోవచ్చు. స్తోమత ఉన్నవారు పాలసీ తీసుకోవడం తప్పని మేము అనం. గడులు మీరే నింపండి, అంతే.

పోనీ, అవే పాలసీలు సంఘం డబ్బుతో బీదలకు తీయవచ్చా? మొదటి చిక్కు ధార్మికమైనది. జకాత్ సొమ్ము హక్కుదారు చేతికి అందాలి, అతని సొంతం కావాలి. ప్రీమియం కంపెనీకి వెళుతుంది. ఆ ఏడాది జబ్బు చేయకపోతే బీదవాడికి దక్కింది ఏమిటి? 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, వ్యాపార బీమాలోని అనిశ్చితిని కారణంగా చూపి దాన్ని నిషిద్ధమంది. సభ్యులు ఒకరికొకరు తోడ్పడే సహకార బీమాను సమ్మతించింది. ఆ దారిలో మలేషియా, గల్ఫ్ దేశాల్లో తకాఫుల్ సంస్థలు పెరిగాయి. మన దేశంలో అలాంటి కంపెనీ లేదు. వేరే దారి లేనప్పుడు పాలసీకి వెసులుబాటు ఇచ్చే ఆలిములూ ఉన్నారు. ఆ తీర్పు మాది కాదు, మీ ఆలిమును అడగండి. కానీ అభిప్రాయ భేదం ఉన్నచోట ఇతరుల జకాత్ పెట్టడానికి మాకు ధైర్యం చాలలేదు.

రెండో చిక్కు లెక్కలది. నలుగురున్న కుటుంబానికి పెద్దవాళ్ల వయసును బట్టి ఏటా పదిహేను, ఇరవై వేలు అడుగుతారు. దాత ఏడాది మానేస్తే పాలసీ ఆగిపోతుంది, గడిపిన వేచివుండే గడువు నీళ్లపాలు. పరుపులు కుట్టే నూర్‌బాషా కుటుంబం ఒకదాన్ని అడిగి చూశాం. తండ్రికి షుగరు, తల్లికి ఆయాసం. మొదటి మూడేళ్లు వాళ్లకు అసలు కావలసినవే పాలసీలో ఉండకపోవచ్చు.

మూడోది మాకు అన్నిటికన్నా బరువుగా తోచింది. 2020 డిసెంబరులో ఏలూరులో ఏమైందో మరచిపోలేదు కదా. దక్షిణపు వీధి, పడమర వీధి వైపు మొదలై, ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆరు వందలు దాటారు. వాళ్లలో ఎక్కువమంది చేరింది ప్రభుత్వాసుపత్రికే. బాగా విషమించినవారిని విజయవాడ పంపారు. రక్తం, నీళ్లు, పాలు పట్టుకెళ్లి పరీక్షించిందీ ప్రభుత్వ సంస్థలే. ఆ రాత్రి ఎవరి జేబులో ఏ పాలసీ ఉందని ఎవరూ అడగలేదు. కరోనాలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు మన తూర్పు గోదావరిలో వచ్చినప్పుడూ మొదట తలుపు తట్టింది ఆ గుమ్మమే. స్తోమత ఉన్నవాళ్లం మనం ఆ ఆసుపత్రి వైపు వెళ్లడం మానేశాక, అక్కడ ఫ్యాను తిరగకపోయినా అడిగే గొంతు తగ్గిపోయింది. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచింది, బీదా ధనికా తేడా లేకుండా చేర్చుకుంది. మన ముందుతరాలు దానం పెట్టినది ఆసుపత్రిలో.

కొత్త ఆసుపత్రి కట్టే స్తోమత మన సంఘానికి లేదు. ఉన్నదానికి మనవాళ్లు చేరేలా చేయగలం. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, ఇందులో మా నేరం కూడా ఉంది. కార్డు పనిచేయకపోవడానికి తరచూ కారణం పేరు. ఆధార్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో 'షేక్' ఒకలా, బియ్యం కార్డులో ఇంకోలా, బడి సర్టిఫికెట్‌లో ఉత్త 'ఎస్.కె.'. బీబీ, బేగం ఒకచోట ఉంటాయి, ఇంకోచోట ఉండవు. ఆ 'ఎస్.కె.'లు రాసింది మా బడి రిజిస్టర్లలో మేమే. చోటు చాలక, తొందరలో. జ్వరంతో మంచం పట్టాక ఆ అక్షరం దిద్దించడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

అందుకని కమిటీ ఈ ఏటికి ఇలా నిర్ణయించింది. పాలసీలు తీయడం లేదు. ప్రతి శుక్రవారం జుమా తరువాత మన కార్యాలయంలో ఇద్దరు కుర్రవాళ్లు కూర్చుని ఆధార్, బియ్యం కార్డు పేర్లు సరిపోల్చి, సవరణకు దరఖాస్తు పెట్టిస్తారు. డెబ్బై దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా కేంద్రం ఇచ్చే ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా అక్కడే నమోదు చేయిస్తారు. ఈ వయసు దాతలు మీ ఇళ్లలోనూ ఉంటారు, మొహమాటపడకండి. పెద్దాసుపత్రికి వెళ్లేవారికి తోడుగా ఒక మనిషి వెళతాడు. పోయిన కూలికి, తోడున్నవారి తిండికి, బయట కొనాల్సిన మందుకు సాయం నేరుగా రోగి చేతికే ఇస్తాం. కనుక జకాత్ విషయంలో పైన చెప్పిన చిక్కు ఇక్కడ లేదు.

ఫోన్ చేసిన దాతకు ఇదంతా చెప్పాం. "సరే, కానీ గుండె ఆపరేషనే వచ్చి, ఆ రోజే ఆసుపత్రులు సమ్మెలో ఉంటే?" అన్నారు. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. అత్యవసరానికి కొంత సొమ్ము కదపకుండా పక్కన పెడుతున్నాం, అది జకాత్ కాని సదఖాలోంచి. అందుకే ఈసారి రసీదు పుస్తకంలో 'అత్యవసర వైద్యం' అని కొత్త గడి చేర్చాం. మీరిచ్చేది జకాతో, సదఖాయో రసీదు మీద తప్పక రాయించండి. రెండు లెక్కలూ వేరు పుస్తకాల్లో ఉంటాయి, ఎప్పుడు వచ్చినా చూడవచ్చు.