కార్తె తప్పుతున్న వాన.. లెక్క మారుతున్న సాగు

అనంతపురం: ‘వాతావరణ మార్పు’ అన్న మాట పల్లెల్లో అంతగా వినిపించదు. కాలం తప్పిందన్నదే రైతుల మాట. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పదును వాన పడకపోవడం, పడినా ఆ తరువాత వారాల తరబడి చినుకు రాలకపోవడం, పంట చేతికొచ్చే వేళ కుండపోత కురవడం.. ఈ మూడింటినే వారు మార్పునకు గుర్తుగా చెబుతారు. 2022లో అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఈ కరవు సీమలో రైతులు కొత్త పద్ధతుల వైపు చూడటానికి ఈ అనుభవమే కారణం.

సగటు చెప్పని నష్టం

నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాల వానలూ పూర్తిగా అందవు. అందుకే ఉమ్మడి జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఎంత కురిసిందన్న దానికన్నా ఎప్పుడు కురిసిందన్నదే ఇక్కడ ముఖ్యం. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే దశలో, కాయలు ఊరే దశలో తేమ లేకపోతే దిగుబడి పడిపోతుంది. 2016 ఆగస్టులో ఇదే పరిస్థితి తలెత్తగా ప్రభుత్వం రెయిన్‌గన్లతో రక్షక తడులు అందించింది. 2021 నవంబరులో ఇందుకు భిన్నంగా భారీ వర్షాలు, వరదలు ఇదే ప్రాంతాన్ని ముంచెత్తాయి.

నీటికీ జమాఖర్చు

వాన ముఖం చాటేస్తే రైతుకు తోచేది మరో బోరు. నీరు పడకపోతే మిగిలేది అప్పు. ఈ జూదానికి అడ్డుకట్ట వేసే ప్రయత్నం 2000వ దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో జరిగింది. రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల పథకం కింద గ్రామస్థులే వర్షపాతాన్ని, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయవచ్చో లెక్కకట్టారు. ఆంక్షలు విధించకుండా, లెక్క చూసి రైతే నిర్ణయించుకునేలా చేయడం ఈ పథకం ప్రత్యేకత.

ఒక్క పంటపైనే ఆధారపడకుండా..

వేరుశనగలో కందిని అంతర పంటగా వేస్తే ఒకటి దెబ్బతిన్నా మరొకటి ఆదుకునే వీలుంటుంది. జులై దాటినా వాన రాకుంటే జొన్న, కొర్ర, ఉలవ, అలసంద వంటివి వేసుకోవాలని శాస్త్రవేత్తలు సూచిస్తుంటారు. 2016లో మొదలైన రాష్ట్ర ప్రకృతి సాగు కార్యక్రమంలో రుతుపవనాలకు ముందే నవధాన్య విత్తనాలను పొడి దుక్కిలో చల్లే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. నేలను పచ్చగా కప్పి ఉంచి, తేమను నిలపడం దీని ఉద్దేశం.

వెనుకంజ ఇందుకే

మార్పు అవసరాన్ని రైతులు కాదనరు. వారి సందేహమల్లా గిట్టుబాటుపైనే. వేరుశనగకు అలవాటైన మార్కెట్ ఉంది, పశువులకు కట్టె దక్కుతుంది. చిరుధాన్యాలకు కొనుగోలు భరోసా, ఊరికి దగ్గరలో శుద్ధి యంత్రాలు కావాలి. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం వర్షమాపక కేంద్రం లెక్కపై ఆధారపడుతుంది. ఒక ఊళ్లో కురిసిన వాన పొరుగూరిలో కురవని చోట ఆ లెక్క రైతు నష్టానికి సరిపోదు. విత్తనానికి, దుక్కికి అప్పు తెచ్చిన చిన్న రైతు ఒక్క ఏడాది ప్రయోగం విఫలమైనా తట్టుకోలేడు. ఆ నష్టంలో పాలుపంచుకునే ఏర్పాటు ఉంటేనే కొత్త సాగు అతని చేనుకు చేరుతుంది.