పెన్న ఒడ్డున ఐరోపా చరిత్ర: అపోహలు – వాస్తవాలు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో, పెన్న ఒడ్డునున్న నాగలమడికలో ఇంటి మాట తెలుగు, కచేరీ మాట కన్నడం. ఇక్కడి అంత్య సుబ్రహ్మణ్యేశ్వరుడి తేరు లాగే చేతుల్లో చాలా ఆంధ్ర నుంచి వచ్చినవే. పావగడ తాలూకాకు దాదాపు నాలుగు వైపులా ఆంధ్ర నేలే. ఈ ఎల్ల ఎలా పడిందో చెప్పే మాటల్లో అపోహలే ఎక్కువ.

అపోహ: 1956లో ఎవరో పొరపాటు చేసి పావగడను కర్ణాటకకు ఇచ్చేశారు.
వాస్తవం: 1799 మే 4న టిప్పు సుల్తాన్ మరణించాక ఆయన రాజ్యాన్ని పంచారు. పావగడ మైసూరు ఒడెయర్ల పాలిట పడింది. పక్కనున్న అనంతపురం సీమ నిజాం వాటాకు వెళ్లి, అక్కణ్నుంచి 1800లో ఈస్టిండియా కంపెనీకి పోయి దత్తమండలాల్లో భాగమైంది. 1956 నాటికి ఈ ఎల్ల వయసు ఒకటిన్నర శతాబ్దం.

అపోహ: నెపోలియన్‌కూ మన పల్లెకూ సంబంధమే లేదు.
వాస్తవం: 1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. టిప్పు అప్పటికే ఫ్రెంచివారి సాయం కోరుతున్నాడు. ఫ్రెంచివారు టిప్పుతో కలుస్తారనే భయాన్నే కారణంగా చూపి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ టిప్పు రాజధాని శ్రీరంగపట్నంపైకి సేనలను నడిపించాడు. టిప్పుకు నెపోలియన్ రాసిన ఉత్తరం దారిలోనే బ్రిటిష్‌వారికి చిక్కింది. టిప్పు మరణించిన ఆ యుద్ధ ఫలితమే మన ఎల్ల.

అపోహ: మైసూరు సంస్థానంలో ప్రజల మాటకు చోటే లేదు.
వాస్తవం: దివాన్ రంగాచార్లు చొరవతో 1881లోనే మైసూరు ప్రజాప్రతినిధి సభ కొలువుదీరింది. పడమటి పాలనా పద్ధతుల నుంచి వచ్చిన ఆలోచన అది. చట్టాలు చేసే అధికారం లేకపోయినా, తాలూకాల కష్టాలను దివాను ముందు పెట్టే దారి దొరికింది.

అపోహ: నీటి తగవులు భాషా రాష్ట్రాలు వచ్చాకే మొదలయ్యాయి.
వాస్తవం: 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. దాని జాబితాలోని నదుల్లో పెన్న, అంటే ఉత్తర పినాకిని, ఒకటి. ఆ నదులపై మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త సాగునీటి జలాశయాలు కట్టకూడదు. 

పిల్లలకు ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ పాఠం చెప్పేటప్పుడు పావగడ పటాన్నీ పక్కన పెట్టండి. ఎల్లకు అటువాళ్లను, ఇటువాళ్లను నిందించే ముందు ఆ గీత గీసిన చేతులెవరివో తెలుసుకోవాలి.