సంద్రంలోకి తొంగిచూడాలంటే... క్యాలెండర్ చూడండి!

చొప్పదండి నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం కనిపించాలంటే వందల కిలోమీటర్లు వెళ్లాల్సిందే. ఇక్కడివాళ్లకు ఈత అంటే వ్యవసాయ బావి, ఊరి చెరువు. నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న ఆ ఈత అండమాన్‌లో పనికొస్తుందా? కొంతవరకే! బావిలో నీళ్లు నిలిచి ఉంటాయి. సముద్రంలో నీళ్లు నడుస్తాయి. ఆ నడక తెలిస్తేనే స్నార్కెలింగ్‌కి ఏ చోటు మంచిదో, ఏ వేళ మంచిదో తెలుస్తుంది.

స్నార్కెలింగ్ అంటే మరేం లేదు. కళ్లనూ ముక్కునూ కప్పే అద్దాల మాస్కు, నోట్లో ఓ గొట్టం. నీటిమీద బోర్లా తేలుతూ, నోటితో గాలి పీలుస్తూ కిందున్న పగడాలనూ చేపలనూ చూడటమే. సిలిండర్ అక్కర్లేదు. ఈత రానివాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ తోడుంటే చూసి రావచ్చు.

పేరున్న బీచ్ వేరు... చేపలున్న చోటు వేరు

హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. అక్కడి రాధానగర్ బీచ్ అందానికి పెట్టింది పేరు. కానీ దాని ముందున్నది ఎక్కువగా ఇసుకే. రంగురంగుల చేపలు కావాలంటే పగడాలుండాలి. పగడాలకు ఎండ తగలాలి, నీరు తేటగా ఉండాలి. వాగులు కలిసే చోట బురదనీటికి ఏమీ కనిపించదు. మడ అడవుల పక్కనైతే మొసళ్ల భయం కూడా. 2010 ఏప్రిల్‌లో రాధానగర్ దగ్గరే స్నార్కెలింగ్ చేస్తున్న ఓ అమెరికా యువతిని ఉప్పునీటి మొసలి పొట్టనబెట్టుకుంది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట ఎంత ఈతగాళ్లయినా దిగొద్దు.

అదే ద్వీపంలోని ఎలిఫెంట్ బీచ్‌లో ఒడ్డుకు దగ్గర్లోనే పగడాలున్నాయి. షహీద్ ద్వీప్‌ (పాతపేరు నీల్)లో భరత్‌పూర్ బీచ్ కొత్తవాళ్లకు అనువైనది. 2024లో శ్రీవిజయపురంగా మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా నార్త్ బే ఉంది. ఎర్రటి పాత 20 రూపాయల నోటు వెనక కనిపించే బొమ్మ ఆ తీరానిదే! వండూర్‌లో 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు వెళ్తే జాలీబాయ్, రెడ్ స్కిన్ దీవుల్లో ఏదో ఒకటి తెరిచి ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి, మిగతా నెలలు మరొకటి. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు.

అష్టమి నవములే మంచివి!

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రులు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు పోటు ఎక్కువ, ఆటూ ఎక్కువే. ప్రవాహం జోరుగా లాగుతుంది. అష్టమికి, ఆ తర్వాత ఒకట్రెండు రోజులు ఆ తేడా తగ్గి నీళ్లు నెమ్మదిస్తాయి. ప్రయాణానికి వద్దని మనం పక్కనపెట్టే తిథులే ఇక్కడ అనుకూలం!

రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. మర్నాడు అవే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పోటు నిండుగా ఉన్న వేళ దిగితే పగడాలకు తగలకుండా తేలొచ్చు. ఆటు వేళ మోకాళ్లు గీరుకుంటాయి, పగడాలూ విరుగుతాయి. ఈ వేళలు పడవవాళ్లకు కంఠతా ఉంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామందే. ‘పోటు ఎన్నింటికి?’ అని తెలుగులోనే అడగొచ్చు.

ఇక కాలం. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా, నీరు తేటగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల వేళ పడమటి తీరాలు అల్లకల్లోలం. ఎప్పుడెళ్లినా గాలి కొట్టే వైపు కాకుండా దీవి చాటు వైపు వెతకాలి.

దిగేముందు...

మాస్కును పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. ఊడిపోకుండా అతుక్కుంటే సరిపోయినట్టే. అద్దం లోపల కాస్త ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు. వీపు మాడిపోకుండా నిండుచేతుల చొక్కా వేసుకోండి. ఒంటరిగా మాత్రం దిగొద్దు.

పగడాన్ని రాయనుకుని నిలబడేవాళ్లుంటారు. అది రాయి కాదు, లక్షల చిన్న ప్రాణుల కాపురం. 2004 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో పగడాల దిబ్బలు నీటిపైకి లేచి చచ్చిపోయాయి. 2010లో నీరు వేడెక్కి చాలాచోట్ల తెల్లబడ్డాయి. మిగిలినవాటిని మన కాళ్లు విరగ్గొట్టకూడదు. గుర్తుగా ఓ ముక్క తెచ్చుకుందామనుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం!