కళ్లు మూసుకుని చూసే అమ్మాయిలు

పూర్వం మన పల్లెల్లో నగ పోయినా, ఎద్దు తప్పిపోయినా అంజనం వేయించేవారు. తమలపాకుకు కాటుక రాసి, ఒక పిల్లవాణ్ణో, పిల్లనో ఎదుట కూర్చోబెట్టి, "ఏం కనపడుతున్నది?" అని అడిగేవారు. పెద్దల కళ్లకు ఆననిది పిల్లల కళ్లకు ఆనుతుందని నమ్మకం. అమెరికాలో కొన్ని నవలలు ఇంచుమించు ఇదే ఊహ మీద నడుస్తాయి. వాటిలో అపరాధ పరిశోధన చేసేది డిటెక్టివ్ కాదు, బడికి పోయే అమ్మాయి.

లోయిస్ డంకన్ అనే రచయిత్రి 1984లో "ది థర్డ్ ఐ" అనే నవల ప్రచురించింది. అంటే మూడో కన్ను. అందులో కారెన్ అనే అమ్మాయి ఒకరి ఇంట పిల్లలను కనిపెట్టుకుని ఉండగా వారిలో ఒక కుర్రవాడు మాయమవుతాడు. అందరూ కంగారుగా వెతుకుతూ ఉంటే వాడు ఎక్కడ ఉన్నదీ కారెన్ మనసుకు కనపడుతుంది. పిల్లవాడు దొరుకుతాడు. కాని అసలు చిక్కు అక్కడే మొదలు. తప్పిపోయిన మరొక పిల్లను వెతకటానికి సహాయం చెయ్యమని ఒక పోలీసు ఉద్యోగి వస్తాడు. తల్లికి ఇది ఎంతమాత్రమూ ఇష్టం ఉండదు. కారెన్ కూడా తోటి పిల్లలలాగే ఉండాలని కోరుకుంటుంది. కాని చూడాలని లేని దృశ్యాలు ఆమెకు కనపడుతూనే ఉంటాయి.

మెగ్ కాబట్ రాసిన మరొక నవలలో జెస్ అనే అమ్మాయి మీద పిడుగు పడుతుంది. ఆ దేశంలో 1984 నుంచి కొన్నేళ్లపాటు, తప్పిపోయిన పిల్లల ఫొటోలను పాలు పోసి అమ్మే అట్టపెట్టెల మీద అచ్చువేసేవారు. పిడుగు దెబ్బ తిన్నది మొదలు జెస్ ఆ ఫొటోలు చూసి పడుకుంటే, తెల్లవారేసరికి ఆ పిల్లలు ఎక్కడ ఉన్నదీ ఆమెకు తెలిసిపోయేది. ఆమె ఫోను చేసి చెప్పేది. అయితే వారిలో ఒక కుర్రవాడు, తన జాడ తెలిసినందుకు సంతోషించడు సరిగదా, హడలిపోతాడు. వాడు తప్పిపోలేదు, దాక్కున్నాడు! తండ్రికి దొరకకూడదని తల్లే వాణ్ణి తీసుకుపోయింది. మంచి చేశాననుకున్న జెస్ ఇప్పుడేం చెయ్యాలి?

ఇలాంటి కథ రాయటం పైకి కనపడేటంత తేలిక కాదు. నాయికకు అన్నీ తెలిస్తే రెండో పేజీలోనే కథ అయిపోతుంది. అందుచేత రచయితలు ఆ శక్తికి కొంచెం అవిటితనం పెడతారు. చోటు తెలుస్తుంది, కారణం తెలియదు. పిలిచినప్పుడు రాదు, వద్దన్నప్పుడు వస్తుంది. మిగిలినదంతా ఆ అమ్మాయి కాళ్లరిగేలా తిరిగి, బుర్ర ఉపయోగించి తెలుసుకోవలసిందే. నన్నడిగితే ఈ నవలల్లో రుచి అంతా అందులోనే ఉన్నది.

నిజంగా మనుషులకు ఇటువంటి శక్తులుంటాయా? ఈ ప్రశ్న అడిగి ఊరుకోనక్కర్లేదు, పరీక్షించనూవచ్చు. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల, 1996లో బడిలో సైన్సు ప్రదర్శన కోసం అదే చేసింది. మనిషిని తాకకుండానే అతని చుట్టూ ఉన్న "శక్తి" తమ అరచేతులకు తెలుస్తుందని కొందరు చికిత్సకులు చెప్పేవారు. ఎమిలీ ఒక అట్టతెర నిలిపి, అడుగున ఉన్న కన్నాలగుండా వారి రెండు చేతులూ ఇవతలికి పెట్టించింది. నాణెం ఎగరవేసి, బొమ్మో బొరుసో చూసి, దాన్నిబట్టి ఒక చేతికి కాస్త ఎత్తున తన చెయ్యి ఉంచి, "ఏ చేతి మీద?" అని అడిగింది. ఊరికే ఊహించి చెప్పినా సగం సార్లు ఒప్పు కావాలి గదా! 21 మందిని మొత్తం 280 సార్లు అడిగితే 123 సార్లు ఒప్పు చెప్పారు. సగం కూడా కాలేదు. దీనివల్ల తేలినది ఆ ఒక్క శక్తి సంగతే, నిజమే. కాని అట్టముక్కతో, నాణెంతో చేసిన ఈ పరీక్ష 1998లో అమెరికా వైద్య సంఘం వారి పత్రికలో అచ్చయింది. అప్పటికి ఎమిలీకి 11 ఏళ్లు.

లోయిస్ డంకన్ సంగతి ఇంకా ఉన్నది. "మూడో కన్ను" వచ్చిన ఐదేళ్లకు, 1989 జూలైలో, అల్బుకర్కీ నగరంలో ఆమె చిన్న కూతురు రాత్రివేళ కారు నడుపుకుంటూ వస్తుండగా ఎవరో తుపాకితో కాల్చి చంపారు. ఆ అమ్మాయికి 18 ఏళ్లు. పోలీసుల విచారణ తల్లికి తృప్తి కలిగించలేదు. ఆమె స్వయంగా ఆరాలు తీసింది. కారెన్‌కు ఉన్నటువంటి శక్తి తమకు ఉన్నదని చెప్పేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లింది. ఈ గాలింపు గురించి 1992లో పుస్తకం ప్రచురించింది. ప్రాణాపాయంలో చిక్కుకునే అమ్మాయిల కథలు రాయటం మాత్రం ఆమెకు కష్టమైపోయింది.

2016లో ఆమె చనిపోయే నాటికి కూడా హంతకుడెవరో తేలలేదు. 2021లో ఒక మనిషి తనంతట తానే పోలీసులకు చెప్పుకున్నాడు, ఆ రాత్రి కాల్చినది తనేనని.